ఆల్బంల అక్క తల్లి

కంటి పట్టీ విప్పినంక మా అక్క చేతికి మొదలు దొరికింది నా నాణేల ఆల్బం. సోఫాల కూసొని ఒక్కొక్క పేజీ తిప్పుకుంట పోయి, ఒక కాడ ఆగి, డాక్టరిచ్చిన నల్లద్దాలు నొసటి మీదికి ఎత్తి, "మా అమ్మ నీ దగ్గెర ఎందుకున్నది రా?" అని అడిగింది.

నేను ఉప్మా తింటున్న. పొలమారింది.

ఆమె వేలు పెట్టి చూపెట్టేది ఎవలినో కాదు, ఎన్కట ఐరోపాల ఒక పెద్ద రాజ్యాన్ని ఏలిన మహారాణిని. బొద్దు మనిషి. గదువ కింద ఇంకో గదువ, నెత్తి మీంచి భుజం దాకా జారిన ముసుగు, భుజం కాడ ముత్యాలు పొదిగిన పిన్ను. పెద్ద వెండి నాణెం మీద పక్కకు తిరిగి, కిరాయిదారు మీద కోపమొచ్చిన ఇంటామె లెక్క చూస్తుంటది. "అక్కా, ఆమె రాణి" అందామని నోరు తెరిచిన. వంటింట్లకెల్లి నా భార్య చూసిన చూపుకు మళ్ల మూసిన. ఆమెకు అప్పటికే సమజయింది. నాకు జర టైం పట్టింది.

నా సంగతి కొంచెం చెప్పాలె. నాది అమీర్‌పేటల మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకొస్తే దానికి సరిపోయే జాకెట్ గుడ్డ, లైనింగు, ఫాలు, లేసు ఇచ్చే దుకాణం. పొద్దంత ఆడోళ్లు తానులు విప్పిచ్చి, రోడ్డు మీదికి తీస్కపోయి ఎండల పెట్టి చూసి, "ఇది ఆ రంగు కాదు అన్నా" అంటరు. అదే రంగు. నేను ఒట్టేసి చెప్త, అదే రంగు. అయినా కాదంటరు. గిసుంటి బతుకు బతికే మనిషికి సాయంత్రం ఇంటికొచ్చినంక రంగు లేని వస్తువు ఏదన్న చేతుల పట్టుకుంటే పానం సల్లబడుతది. వెండికి రంగుల పంచాది లేదు. గట్ల మొదలైంది నా పిచ్చి.

ఏ వెండి పడితే ఆ వెండి నాకొద్దు. ఐరోపా దేశాలోల్లు వేరేవాళ్ల దేశాలు గుంజుకొని, అక్కడ చలామణి చేసిన వెండి నాణేలు మాత్రమే కొంట. ఎందుకంటే నాకు వాళ్ల మీద కోపం. చూడుండ్రి ఆ సిగ్గులేనితనం. గోవాల చేపలమ్మే ఆమె కొంగుల పోర్చుగల్ రాజు ముఖం. తూర్పు ఆఫ్రికాల కొబ్బరికాయలు కొట్టేటోని జేబుల, నెత్తి మీద పక్షి బొమ్మ టోపీ పెట్టుకున్న జర్మనీ రాజు. కాంగోల బెల్జియం రాజు, ఇంత పొడుగు గడ్డం. వియత్నాంల నెత్తికి ముండ్ల కిరీటం పెట్టుకొని కూసున్న ఫ్రెంచి బొమ్మ. నువ్వెవడివిరా, వాని కష్టం పైసల మీద నీ మొఖమేందిరా అనిపిస్తది. కోపమొచ్చినకొద్ది కొంట, కొన్నకొద్ది కోపమొస్తది. నా భార్య దీనికి మందు లేదంటది.

మోసపోయిన రోజులు సుత ఉన్నయి. కృష్ణానగర్‌ల ఒకాయన, పాత కాలం సినిమాలకు సామాన్లు సప్లై చేసేటాయన, తన తాత పెట్టెల దొరికిందని ఒక పోర్చుగల్ రూపాయి ఇచ్చిండు. ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద పెట్టిన. ఫ్రిజ్‌కు పెట్టిన అయస్కాంతం బొమ్మకు అతుక్కున్నది. వెండి ఎక్కడన్న అయస్కాంతానికి అతుకుతదా? దాని మీదున్న రాజు సుత ఏదో సినిమాల రాజు వేషం వేసిన జూనియర్ ఆర్టిస్టేనట, తర్వాత తెలిసింది. గప్పటి సంది జేబుల ముక్క అయస్కాంతం లేకుంట బయటికి పోను.

ఆ మహారాణి నాణెం మాత్రం అసలుది. బార్కస్‌ల ఒకాయన కాడ కొన్న. వాళ్ల పెద్దలు ఎమెన్ దిక్కుకెల్లి నిజాం సిపాయిలుగ వచ్చినోల్లు, వచ్చేటప్పుడు నడుముల కట్టుకొచ్చిన పైసలట. ఈ నాణేనిది విచిత్రమైన కథ. రాణి చచ్చిపోయింది. గని అరబ్బు దేశాలల్ల, ఆఫ్రికాల జనం ఆమె బొమ్మ లేని వెండి ముట్టమన్నరు. అందుకని ఆమె చచ్చిన సంవత్సరమే వేసుకుంట, అదే బొమ్మను తరాలకు తరాలు కొట్టుకుంటనే పోయిండ్రు. ఒక దేశం కాదు, ఏ దేశానికి అక్కడ వ్యాపారం కావాల్నో ఆ దేశం కొట్టింది. ఆఖరికి మన బొంబాయిల సుత అచ్చయింది. నా కాడ అసుంటియి ఇంకా కొన్ని ఉన్నయి, ఎందుకంటే ఒక్కొక్క దేశంల కొట్టిన రాణికి పిన్నుల ముత్యాలు జర తేడా ఉంటయి.

ఇగ అక్క సంగతి. అక్కకు నాకు తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. నాయిన మొదటి భార్య అక్కను కని పురిట్లనే పోయింది. మాది మగ్గాల ఊరు, అప్పటికి ఆ ఊర్లె ఫోటో దిగిన మనిషే లేడు. పిల్లను సాదేటందుకు నాయిన వెంటనే మా అమ్మను చేసుకున్నడు. మా దిక్కు అప్పట్ల ఒక రివాజు ఉండె. మొదటి భార్య పోయినోడు మళ్ల చేసుకుంటే, వచ్చే ఆమె మెడల పుస్తెలతోని పాటు ఒక వెండి బిళ్ల వేసుకోవాలె. దాని మీద పోయినామె ముఖం చెక్కిపిస్తరు. సవతి బిళ్ల అంటరు. కొత్త చీర కట్టినా, పండుగకు వండినా ముందు ఆ బిళ్లకు చూపెట్టి ఆమె సెలవు తీసుకోవాలె. లేకుంటే పోయినామె ఊకోదు, ఇంట్ల ఎవలికో ఒకలికి జరం తెప్పిస్తది. నాయిన మా ఊరి అవుసలాయనకు వెండి బిళ్ల చెప్పిండు. నగలు చేసే ఆ అవుసలాయన సరిగ్గ పెండ్లినాడు పొద్దున తెచ్చిచ్చిండు. మంచి బరువు, మంచి పనితనం. ఊరోల్లందరు చూసి "అచ్చం గామెనే" అన్నరట.

ఎట్లన్నరో నాకు ఇప్పటికీ సమజ్ కాదు.

ఆ పొద్దు సోఫాల అక్క అడిగిన మాట విని నేను నవ్విన. అక్క నవ్వలే. జాకెట్ల దోపుకున్న చిన్న సంచి తీసి, ఎర్ర గుడ్డ విప్పి, సవతి బిళ్లను బల్ల మీద పెట్టింది. అమ్మ పోయినంక అది అక్క కాడికి పోయింది. మొగోల్లు ముట్టొద్దని మాకు ఎన్నడు ఇయ్యలే. అమ్మ మెడల ఉన్నన్ని రోజులు రవికె లోపల ఉండె, అక్క కాడ పసుపుల మునిగి ఉండె. ఆపరేషన్ ముందల చింతపండుతోని తోమి తెచ్చినట్టున్నది, తళతళ మెరుస్తున్నది. ఆల్బంను దాని పక్కకు జరిపి చూసిన. అదే గదువ, అదే ముసుగు, అదే పిన్ను. అక్కనే తిప్పి చూపెట్టింది. రెండు తలల గద్ద. మేమంత దాన్ని గండభేరుండం అనుకున్నం. దిష్టి తగలకుంట అవుసలాయన వేసిండని నాయిన చెప్పేటోడు. చుట్టు ఉన్న అక్షరాలు మంత్రం అనుకున్నం. అది రాణిగారి బిరుదుల పట్టిక.

ఇగ అనుమానమే లేదు. అవుసలాయనకు ఆడమనిషి ముఖం చెక్కుడు చేతకాలేదో, ముహూర్తం మీదికొచ్చిందో, ఏ అరబ్బు సిపాయో అమ్ముకున్న నాణెం దుకాణంల పడి ఉంటే, ముఖం ఎట్లనన్న ఉండనే ఉన్నది, కొంగు సుత కప్పుకున్నదని పైన కొండి అతికి ఇచ్చేసిండు. మా అమ్మ తన పెండ్లి సంది పోయేదాక ఒక విదేశీ మహారాణిని మెడల వేసుకొని, ఆమెకు చూపెట్టి పులిహోర వండింది.

అక్క మాత్రం చకచక లెక్క కట్టుకున్నది. వాళ్ల అమ్మమ్మ దిక్కోల్లు సుత బిడ్డ గురుతుకు తలా ఒక బిళ్ల చేపిచ్చుకొని ఉంటరు. మేనమామల పిల్లలు పనికిమాలినోల్లు, అమ్ముకొని తాగిండ్రు. అవే తిరిగి తిరిగి నా కాడికి వచ్చినయి. మరి తక్కినయి? తక్కినయి సుత గసుంటియే. ఎవల ఇంట్లదో పోయిన భార్య, ఎవల ఇంట్లదో పోయిన మొగడు. అవుసలోల్లు చెక్కిన ముఖాలు. నేను తల ఊపలే, ఊపకుంట ఉండలే. దాన్ని ఆమె అవుననుకున్నది.

"ఎవలెవల ఇండ్లల్ల పెద్దలను తెచ్చి ప్లాస్టిక్ కవర్లల్ల పెట్టినవు," అన్నది. "ఒక్కనాడన్న గుక్కెడు నీళ్లు పెట్టినవా?"

ఇంత మాట నన్ను మా అమ్మ సుత అనలే. నాకు మండింది. అసలు సంగతి అప్పుడే చెప్పేద్దును. నా భార్య నన్ను వంటింట్లకు గుంజి, మెల్లగ, పండ్లు కొరుక్కుంట చెప్పింది. నువ్వు ఆమెకు చెప్పినవనుకో, నీ రాజులందరిని కరిగిచ్చి నాకు పట్టగొలుసులు చేపిచ్చుకుంట, గల్లు గల్లుమంటుంటే నువ్వే వినాలె.

ఆమె ఎందుకన్నదో నాకు తెల్వదా? తెలుసు. అక్క కొడుకు, కోడలు పంజగుట్టల ఉంటరు. ఇద్దరు ఆఫీసులకు పోయేటోల్లు. అక్క కండ్లల్ల మోతిబిందు, అదే శుక్లం, ముదిరింది, ఆపరేషన్ చేపిచ్చుకో అంటే ఎన్నేండ్ల సంది విననే లేదు. కండ్లల్ల కత్తి పెట్టనియ్య అన్నది. గోడలు పట్టుకొని నడిచింది, కూరల ఉప్పుకు బదులు చక్కెర వేసింది, అయినా విననే లేదు. ఒక శుక్రారం పూజ కాడ బిళ్ల చేతుల పట్టుకొని కూసొని ఏడ్చిందట. అమ్మ ముఖం కనవడతలేదని. మర్నాడే ఆస్పత్రికి పదుండ్రి అన్నది. ఇంట్ల పగటిపూట కంట్ల మందు వేసేటోల్లు లేరని మేమే అమీర్‌పేటకు తెచ్చుకున్నం. అంటే ఆమె ఆ ముఖం కోసమే కండ్లు తెచ్చుకున్నది. ఆ ముఖం వేరేవాళ్లదని నేను చెప్పాలె.

చెప్పకుంట ఉండుడు సుత నాకు అలవాటు లేదు. నీలం చీరకు నల్ల గుడ్డ తీస్కపోతున్న ఆమెను రోడ్డు దాటినంక సుత వెనక్కి పిలిచే మనిషిని. తప్పు పేరు మీద ఒక్క నాణెం ఉంటే అన్నం దిగదు. గట్లాంటిది మా ఇంట్లనే, నా ముందలనే, ఐరోపా మొత్తం తప్పు పేరు మీద పూజలందుకునుడు మొదలైంది.

పొద్దున లేచేవరకు ఆల్బం ముందు గిలాసల నీళ్లు. ఒక అగరుబత్తి. కవర్లల్ల ఊపిరాడదని అక్క వాళ్లను బయటికి తీస్తనంటే నేను అడ్డం పడ్డ. వెండి మీద పసుపు పడితే ఇగ ఆ నాణెం నాశనం. నా భార్య మధ్యల కూసొని రాజీ చేసింది, బొట్టు కవరు మీదనే పెట్టాలె అని. గట్ల కాంగో గడ్డపాయన ప్లాస్టిక్ మీద గంధం పెట్టిచ్చుకున్నడు. జర్మనీ రాజు నెత్తి మీద పక్షిని అక్క కోడి అనుకున్నది. ఆయన కోడిపందేల మనిషో, కోళ్ల వ్యాపారో అయ్యుంటడని అన్నది. ముండ్ల కిరీటం ఫ్రెంచి బొమ్మను చూస్తే ఆమెకు ఏడుపే వచ్చింది. ఏం కష్టాలు పడి పోయిందో బిడ్డ, నెత్తి నిండ ముండ్లు అన్నది.

మా మీది అంతస్తుల ఆడపిల్లల హాస్టలు ఉన్నది. కోచింగ్‌ల కోసం వచ్చిన పిల్లలు, అక్క కంట్ల మందు వేసేటందుకు నా భార్యకు సాయం వస్తరు. అక్క వాళ్లకు అందరినీ పరిచయం చేసింది. ఒక పిల్ల ఇంటర్వ్యూకు పోయే ముందు జర్మనీ రాజుకు దండం పెట్టిపోయింది. క్లయింటు జర్మనీ కంపెనీ అట. ఆమెకు ఉద్యోగమొచ్చింది. ఇగ చూస్కో. ముఖం కడుక్కొని లుంగీ మీద బయటికొచ్చేవరకు నా సోఫా కాడ సర్టిఫికెట్ల ఫైళ్లు పట్టుకొని పిల్లలు లైన్ల ఉంటున్నరు. ఆ రాజుల మీది కోపంతోని నాణేలు కొనుక్కున్న నేను, వాళ్లకు నైవేద్యం బెల్లం తేవడానికి కిరాణా దుకాణానికి పోతున్న.

ఒకటి చెప్పాలె. చిన్నప్పుడు నాకు ఆ బిళ్ల అంటే అసూయ ఉండె. అక్క అలిగి అన్నం తినకుంటే మా అమ్మ రవికెలకెల్లి బిళ్ల బయటికి తీసి చెవి కాడ పెట్టుకునేది. జరసేపు విని, "మీ అమ్మ తినమంటున్నది" అని చెప్పేది. అక్క తినేది. సినిమాకు పోతనంటే మళ్ల వినేది, "మీ అమ్మ వద్దంటున్నది" అనేది. అక్క ఊకునేది. మా అమ్మ తన మాట మీద అక్కను ఒక్కనాడు సుత కొట్టలే, తిట్టలే. చెప్పాల్సినదంత ఆ బిళ్ల నోటితోని చెప్పిచ్చింది. నేను మాత్రం డైరెక్టుగ దెబ్బలు తిన్న. అక్కకు ఇద్దరు తల్లులున్నరు, నాకు ఒక్కతే అని ఏడ్చేటోన్ని. ఇప్పుడు సోచాయిస్తే ఆ రాణి చాన తెలుగు మాట్లాడింది మా ఇంట్ల.

ఐతారం పంజగుట్టల ఇరానీ హోటల్‌ల మా నాణేలోల్ల బైఠక్ ఉంటది. ఒక్కొక్క చాయ్ మీద పూట గడుపుతం, వెయిటర్లు మమ్మల్ని చూస్తేనే బల్ల తుడుసుడు మొదలువెడతరు. అక్కడ నాకు దోస్తు, కోస్తా దిక్కు నుంచి వచ్చి మాసబ్ ట్యాంక్‌ల స్థిరపడ్డ రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన. చరిత్ర చెప్పేటోడు. ఆయనకు తెల్వని నాణెం లేదు, తెలిసింది కడుపుల పెట్టుకునుడు రాదు. నాకు ఎవలికన్న చెప్పకుంటే పగిలిపోయేటట్టుండె. చెప్పిన. ఆయన చాయ్ సాసర్ల పోసుకునుడు మర్చిపోయిండు. సానుభూతి చూపెడతడనుకుంటే, ఆ నాణెం పిన్నులో ముత్యాలు చూశారా అండీ, ఏ టంకశాలదో తేల్చేద్దాం అన్నడు. అక్క ముందల నోరు జారొద్దని మాట తీసుకున్న. నేనేం చిన్నపిల్లాణ్ణాండీ అన్నడు.

పెత్రమాస వచ్చింది. పెద్దలకు బియ్యం ఇచ్చే అమాస. ఏటేటా నేనే ఇస్త, నాయినకు, అమ్మకు, అక్క తల్లికి. ఈసారి అక్క పట్టు పట్టింది, ఆల్బంల ఉన్నోల్లకు సుత ఇయ్యాలె అని. వాళ్ల ఇండ్లల్ల ఎవలు ఇస్తలేరనే కద వాళ్లు నీ కాడికి వచ్చిండ్రు అన్నది. హాల్ల సోఫాలు జరిపి విస్తరాకులు పరిచినం. ఒక్కొక్క ఆకుల పిడికెడు బియ్యం, పప్పు, చింతపండు, ఒక బెండకాయ, ఒక దోసకాయ ముక్క. ఒక్కొక్క ఆకు ముందల కవర్ల ఒక్కొక్క రాజు. అక్క తల్లి ఆకు మొదలు, దాని మీద సవతి బిళ్ల. నా తక్కిన రాణులను మాత్రం అక్క ఆల్బంలనే ఉంచింది, ఒక మనిషికి ఒక్క ఆకే అని.

అయ్యగారు స్కూటర్ మీద వచ్చిండు. ఆయనకు ఆ రోజు చాన ఇండ్లున్నయి. హాలు చూసి, మీ ఇంట్ల ఇంతమంది ఎప్పుడు పోయిండ్రు అని భయపడ్డడు. దూరపు చుట్టాలు అని చెప్పిన. కూసొని దర్భ నా వేలికి పెట్టి, నాయినవి, అమ్మవి పేరు, గోత్రం చెప్పిచ్చిండు. తర్వాత అక్క, ముందుగాల ఈ దిక్కులేనోల్లవి కానియ్యుండ్రి, మా అమ్మది నిమ్మళంగ ఆఖరికి చేసుకుంట అన్నది. నేను పోర్చుగల్ రాజు పేరు నోట్లనే గొణిగిన. అయ్యగారి నోట్ల పడి అది సంస్కృతమైంది. గోత్రం అన్నడు. తెల్వదన్న. గోత్రం తెల్వనోల్లకు కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు, పర్వాలేదు అని ఆయనే దారి చూపెట్టిండు. గట్ల పోర్చుగల్ కాశ్యప గోత్రమైంది, జర్మనీ కాశ్యప గోత్రమైంది, బెల్జియం గడ్డపాయనకు సుత నువ్వులు నీళ్లు విడిచిన. ఆయన కాంగోల చేసిన పాపాలకు నేను అమీర్‌పేటల తర్పణం విడుసుడేందని లోపల మండుతున్నది. చేతులు మాత్రం నీళ్లు పోస్తనే ఉన్నయి.

గప్పుడు లెక్చరర్ వచ్చిండు. పండుగపూట భోజనానికి పిలిచినట్టు వచ్చిండు, చేతుల భూతద్దం. అక్కకు నమస్కారం పెట్టి, బుద్ధిమంతుని లెక్క నా పక్కన కూసున్నడు. జరసేపు చేతులు కట్టుకొనే ఉన్నడు. ఆయన కండ్లు మాత్రం మొదటి ఆకు మీదికెల్లి కదుల్తలేవు. మెల్లగ వంగిండు. అద్దం పెట్టిండు. ఇగ ఆయనకు మేమెవలం కనవడలే.

"ఇది రాణిగారి సొంత దేశంలో కొట్టింది కాదండీ," అన్నడు. "ఆవిడ పోయాక ఎప్పుడో వేరే దేశంవాళ్లు వేసింది. ముత్యాలు చూడండి."

"ఏ రాణి?" అన్నది అక్క.

నా భార్య చేతులకెల్లి గంటె కింద పడ్డది. లెక్చరర్ అద్దం దించి నా దిక్కు చూసిండు. నేను ఆయన గొంతు పట్టుకుందామా అన్నట్టు చూసిన. అబద్ధం ఆడుడు ఆయనకు రాదు. అక్క మళ్ల అడిగింది. ఆయన తల దించుకొని చెప్పిండు. మొత్తం చెప్పిండు. ఆమె ఎవలో, ఏ దేశమో, ఆ బొమ్మ ఎట్ల ఊర్లు తిరిగిందో, ఆ ముసుగు సుత మొగడు పోయినంక వేసుకున్నదని. ఆపమని నేను కాలితోని తన్నిన. అందలే.

అక్క అద్దాలు తీసింది. బిళ్లను చేతులకు తీసుకొని కొత్త కండ్లతోని చూసింది. మంత్రం అనుకున్న అక్షరాల మీద వేలు పెట్టి చుట్టు తిప్పింది. నాయినకు తెలుసా అని నన్ను అడిగింది. తెల్వదన్న. చిన్నమ్మకు తెలుసా, అంటే మా అమ్మకు. తెల్వదు అక్కా, ఎవలికి తెల్వదు అన్న. నిజం సుత గంతే. ఇన్ని రోజులు నిజం నిజం అని కొట్టుకున్న కద, ఆ నిజం ఇప్పుడు హాల్ల కూసున్నది, దాన్ని ఎత్తి బయట పారేద్దామంటే చేతనైత లేదు.

"మరి మా అమ్మ ఎట్లుంటుండెనో," అన్నది అక్క.

ఎవలు చెప్తరు? ఆమెను చూసినోల్లు ఒక్కలు లేరు. ఊరోల్లు లేరు, అవుసలాయన లేడు, నాయిన లేడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చిన సుత, దర్భ ఉన్న చేతితోనే తుడుసుకున్న. హాస్టల్ పిల్లలు మెట్ల మీద నిలబడి చూస్తున్నరు. అయ్యగారికి ఏం సమజ్ కాలే, ఫోన్ మోగుతుంటే కట్ చేసి, పంచాంగం మూసి పక్కకు పెట్టిండు.

అక్క లెక్చరర్ దిక్కు తిరిగి, ఆమెకు పిల్లలున్నరా అని అడిగింది. ఆయన భయంభయంగనే చెప్పిండు. పదహారు మందండీ, రాజ్యమేలుతూనే చాలామందిని కన్నారు, కొందరు చిన్నప్పుడే పోయారు అని. అక్క "పదారుగురు" అని ఒకసారి తనకు తనే చెప్పుకున్నది. తర్వాత అయ్యగారికి వాళ్లమ్మ పేరు చెప్పింది, ఇంటి గోత్రం చెప్పింది. నేను నువ్వులు, నీళ్లు విడిచిన. అయిపోయిందనుకొని అయ్యగారు లేవబోయిండు. అక్క కూసోమన్నది. వాళ్లమ్మ ఆకులకెల్లి సగం బియ్యం దోసిట్లకు తీసి, కొత్త ఆకు పరిచి దాంట్ల పోసింది. బెండకాయ లేకుంటే తన చేతితోని ఇంకోటి తెచ్చి పెట్టింది. ఆ ఆకు ముందల బిళ్లను పెట్టి, దానికి ఎప్పటి లెక్కనే బొట్టు పెట్టింది. అయ్యగారు ఏదో అనబోయిండు, మొగడు పోయిన ఆమెకు బొట్టేందని, ముసుగు సంగతి విన్నడు కద. అక్క మొఖం చూసి పంచాంగం మళ్ల తెరిచిండు.

"సార్, ఆమె పేరు చెప్పుండ్రి," అన్నది అక్క.

లెక్చరర్ చెప్పిండు. అయ్యగారు ఆ పేరును రెండుసార్లు నోట్ల తిప్పుకొని, అలవాటు చొప్పున కాశ్యప గోత్రం అని మొదలువెట్టిండు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"కాశ్యప ఎందుకు? మా నాయిన గోత్రం చెప్పుండ్రి. పదారుగురిని కన్న తల్లికి నేనొక్కదాన్ని ఎక్కువైతనా?"

అయ్యగారు మా నాయిన గోత్రం చెప్పిండు. నేను నీళ్లు విడిచిన.